మామ్మ గుమ్మడికాయకు నేను పెట్టిన కిటికీ

నాకు తొమ్మిదో ఏట చాకు వచ్చింది. బుద్ధి ఏ ఏట వచ్చిందో ఇంకా తేలలేదు.

చాకు తెచ్చింది మా మావయ్య, అమ్మకు తమ్ముడు. మామిడికుదురు వైపు గ్యాసు పైపులు వేస్తున్న రోజుల్లో అక్కడ జీపు నడిపేవాడు. కార్తీకంలో ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, జేబులోంచి వేలెడంత ఎర్రటి వస్తువు తీసి నా చేతిలో పెట్టాడు. పిడిలోంచి గోరుతో లాగితే చాకు, ఇంకోవైపు లాగితే సీసా మూత తీసేది, మూడోవైపు లాగితే ఎందుకో ఎవరికీ తెలియనిది. మూసినప్పుడు టిక్కుమని ఒక శబ్దం. ఆ శబ్దం కోసం ఆ రోజు దాన్ని ఎన్నిసార్లు తెరిచి మూశానో. అన్నంలో చెయ్యి పెట్టి కూడా ఎడం చేత్తో మూస్తూనే ఉన్నాను.

"చాకులాంటి కుర్రాడికి చాకు కాక ఏం తేవాలండి బావగారూ?" అన్నాడు మావయ్య మా నాన్నగారితో.

"వీణ్ణి సాకలేకే మేం చస్తుంటే నువ్వు చాకు కూడా తెచ్చేవా?" అన్నారు నాన్నగారు.

నాన్నగారు బడిపంతులు. ఊళ్లో అందరికీ మేష్టారు. చర్చిలో సంఘ పెద్ద. మాట విరిచి రెండు చెయ్యడం ఆయన సరదా. ఆ సరదా నాకు ఆస్తిగా వచ్చింది. వేరే ఆస్తి లేకపోవడం వల్ల దాన్ని దుబారాగా వాడుతుంటాను. ఇప్పుడు రాజోలులో జూనియర్ కాలేజీలో పిల్లలకు తెలుగు చెబుతున్నాను కాబట్టి అది నాకు జీతం కూడా ఇస్తోంది. ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ కథలో చాకు చేసిన గాయం ఒకటైతే, ఆ సరదా చేసినవి రెండు.

చాకు దొరికిన మొదటి వారంలోనే ఇంట్లో ఉన్న పెన్సిళ్లన్నీ బొటనవేలంత అయిపోయాయి. రబ్బరును పదహారు ముక్కలు చేశాను. కొబ్బరి ఈనెలు, జామకాయలు, అరటి బోదెలు, అమ్మ చూడనప్పుడు చాప అంచు. కానీ నిజం చెప్పాలంటే ఆ చాకుతో నేను ఎక్కువగా కోసినవి కోతలే. బళ్లో విరామం గంట కొట్టగానే నా చుట్టూ నలుగురు చేరేవారు.

"ఇది మిలటరీ చాకు. పావునైనా రెండు ముక్కలు చేసెయ్యొచ్చు."

"పావుని చూస్తే నువ్వే రెండు ముక్కలవుతావురా," అన్నాడు మా వీధి చివరి ఇంటివాడు. వాడికి నా చాకు మీద అసూయ అని అప్పుడు అనుకున్నాను. వాడికి నా మీద స్పష్టమైన అవగాహన ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

క్రిస్మస్ సెలవుల్లో ఒకరోజు వాడే మా గుమ్మం ముందు నిలబడి, "పెన్సిళ్లు చెక్కేదాన్ని చాకనరురా, చెక్కుడు మర అంటారు" అని పోయాడు. ఆ మాట నన్ను కోసిన లోతుకు నా చాకు ఎన్నడూ దిగలేదు. ఏదో ఒకటి కొయ్యాలి. పెద్దది కొయ్యాలి.

మా ఇంటిని ఆనుకునే మామ్మ ఇల్లు. మాకు చుట్టం కాదు. పేటలో అందరికీ మామ్మే. పెనిమిటి పోయి చాలాకాలం. ఒక్క కొడుకు లారీ డ్రైవరు, నెలకోసారి వచ్చేవాడు. ఆవిడ చిన్నప్పటి నుంచీ రైతుల చేలల్లో కూలి చేసింది. ఊడ్పులు, కలుపు, కోతలు, కుప్ప నూర్పులు. ఇల్లు కూడా చాలాకాలం రైతుగారి గట్టు మీదే. నేను బడిలో చేరిన ఏడే గవర్నమెంటు వాళ్లు పట్టా ఇచ్చారు, మూడు సెంట్లు. అందులో తాటాకిల్లు, దాని పక్కన మేకల పాక. ఇక మిగిలిన నేల మంచం వాల్చుకునేంత. ఆ మంచమంత నేలలో మామ్మ గుమ్మడి గింజ పెట్టింది. పాకడానికి చోటు లేక తీగ పాక ఎక్కింది. పాక పైకప్పు మీద మూడు పిందెలు పడ్డాయి. రెండు రాలిపోయి ఒకటి నిలిచింది.

నిలిచిన దాన్ని మామ్మ కాపాడిన తీరు చూడాలి. కింద ఎండుగడ్డి పరిచింది. ఎండ ఎక్కువైతే తడిపిన గోనె కప్పింది. పిల్లలెవరైనా అటు చూసి "అదిగో" అంటే చాలు, "వేలు మడువు! వేలు మడువు!" అని అరిచేది. గుమ్మడి పిందెను వేలు పెట్టి చూపిస్తే కుళ్లిపోతుందని మా వైపు నమ్మకం. పిడికిలి బిగించి చూపించాలి, లేదా వేలు వంచి చూపించాలి. మా పాస్టరుగారు మూఢనమ్మకాల మీద గట్టిగా వాక్యం చెప్పే మనిషి. ఆయన కూడా ఒకసారి ప్రార్థనకు వచ్చి, ఆ పాక కింద నిలబడి, రెండు చేతులూ లాల్చీ జేబుల్లో పెట్టుకుని గడ్డంతో చూపించారు.

"బాగా ఊరిందమ్మా," అన్నారు.

"కోతపండక్కండి అయ్యగారూ," అంది మామ్మ. "మొదటి కాయ దేవుడికనుకున్నాను."

కోతపండగ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. సార్వా వరి నూర్పులయ్యాక మా చర్చిలో ఒక ఆదివారం, ఎవరు పండించింది వాళ్లు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. ధాన్యం, అరటిగెలలు, కొబ్బరికాయలు, కోళ్లు, దుంపలు. పాస్టరుగారు ప్రార్థన చేశాక సంఘ పెద్ద వాటిని వేలం పాట పెడతాడు. పాడుకున్నవాళ్లు ఇచ్చిన డబ్బు చర్చి పనులకు. చివర, ఎవరు ఏం తెచ్చారో పేరుపేరునా చదువుతారు. నేల ఉన్నవాళ్లకు అది గొప్ప రోజు. లేనివాళ్లు సంతలో ఏదో కొని తెచ్చేవారు. మామ్మ అలా ఎన్నో ఏళ్లు కొన్న కందిపప్పు తెచ్చింది.

"కొనుక్కొచ్చింది ఇవ్వడం ఒక ఇవ్వడమేట్రా బుల్లోడా," అనేది నాతో. "పుట్టించింది ఇవ్వాలి. ఊరందరి నేల మీదా పుట్టించేను. నా నేల మీద ఇదే మొదటిది. మీ నాన్నగారు నా పేరు చదివి, పక్కన గుమ్మడికాయ అని చదవాలి. అది విని కూర్చుంటే చాలు నాకు."

ఆవిడకు ఆ కాయ ఏమిటో నాకు తెలియదని అబద్ధమాడే వీలు నాకు లేదు. ఇంత స్పష్టంగా చెప్పింది.

ఆ ముందు ఏడు అంతర్వేది తీర్థానికి వెళ్లాం. మేం చర్చికెళ్లేవాళ్లమే గానీ జీళ్లకూ రంగులరాట్నానికీ మతం లేదు కదా. అక్కడ పుచ్చకాయలవాడు ఒక్కొక్క కాయకు మూడు గాట్లు పెట్టి, త్రికోణంగా ముక్క పైకి లాగి, ఎర్రదనం చూపించి, మళ్లీ అందులోనే దూర్చేసేవాడు. కాయకు కిటికీ పెట్టి మూసినట్టు. కొనేవాడు ఒద్దంటే అలాగే పక్కన పెట్టి ఇంకోడికి చూపించేవాడు. ఆ పనితనం నా కళ్లలో ఉండిపోయింది. పుచ్చకాయ సాయంత్రానికి అమ్ముడైపోతుందని, గుమ్మడికాయ ఇంకా మూడు వారాలు తీగ మీద ఉండాలని ఆలోచించే భాగం నా బుర్రలో అప్పటికి తయారు కాలేదు.

మామ్మ కుప్ప నూర్పులకు పోయిన ఒక మధ్యాహ్నం, పాకకు ఆనించిన నిచ్చెన ఎక్కాను. మామ్మకు సాయం చేద్దామని ఎక్కానని నాకు నేను చెప్పుకున్నాను. లోపల పండుతోందో లేదో చూసి చెబుదామని. చాకు దొరికినవాడికి సాకు దొరకడం ఎంతసేపు?

కాయను కొంచెం పక్కకు దొర్లించాను. తొక్క అనుకున్నంత మెత్తగా లేదు. రెండు చేతులతో నొక్కితే టప్పున దిగింది. ఒకటి, రెండు, మూడు. ముక్క బయటికి వచ్చింది. లోపల ఇంకా నారింజ తిరగని లేత పసుపు రంగు, పచ్చి వాసన. చాలా అందంగా ఉంది. ఎవరికీ చూపించడానికి లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. వీధి చివరివాణ్ణి పిలిస్తే మామ్మకు తెలిసిపోతుంది. ఇంత గొప్ప పని చేసి, దానికి ప్రేక్షకుడు లేని దౌర్భాగ్యం.

ముక్క మళ్లీ దూరిస్తే సరిగ్గా కూర్చోలేదు. అంచుల్లోంచి నీటి చుక్కలు ఊరుతున్నాయి, కన్ను చెమ్మగిల్లినట్టు. ఇంటికి పరుగెత్తి, క్రిస్మస్‌కు వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి తెచ్చి, కరిగించి అంచుల చుట్టూ పోశాను. దాని మీద తడిమట్టి రాశాను. ఆ వైపు గడ్డిలోకి తిప్పి దిగిపోయాను. చాకు నిక్కరుకు తుడుచుకుని టిక్కుమని మూశాను. ఆ శబ్దం ఆ రోజు అంత బాగా అనిపించలేదు.

ఆ తర్వాత మూడు వారాలు మామ్మ రోజూ కాయను చూసుకుని, "రంగు తిరుగుతోందిరా" అనేది. నేను "ఆయ్" అని నేల చూసేవాణ్ణి. లోపల ఏం జరుగుతోందో అని భయం. ఆ భయంలో నేను చేసిన ఒక పని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు చుట్టూ ఎవరూ లేనప్పుడు, వాకిట్లో నిలబడి, చూపుడువేలు నిటారుగా చాపి, ఆ కాయను గట్టిగా చూపించాను. ఒకసారి కాదు, మూడుసార్లు. కుళ్లితే వేలు వల్ల కుళ్లిందనుకోవచ్చు కదా. వేలు చూపించినవాడు అల్లరి పిల్లాడు. చాకు దించినవాడు దొంగ. శిక్ష తక్కువగా ఉండే నేరాన్ని నేనే ఎంచుకుని, తీరుబడిగా చేశాను. తొమ్మిదేళ్లవాడికి అంత న్యాయశాస్త్రం ఎక్కడిదో!

పండగ ముందురోజు మామ్మ నిచ్చెనెక్కి కాయ కోసింది. కింద అందుకోవడానికి నన్నే పిలిచింది.

"జాగ్రత్తరా బుల్లోడా. చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో."

పట్టుకున్నాను. బరువు. మట్టి రాసిన వైపు నా పొట్టకు ఆన్చుకున్నాను. మామ్మ దిగి వచ్చి, "ఆ మట్టేంటి, ఇలా ఇవ్వు, తుడుస్తాను" అంది.

"నేను తుడుస్తాను మామ్మా, నువ్వు కూర్చో," అన్నాను.

"మేష్టారి కడుపున పుట్టినోడివి కదా, నీకా బుద్ధి రాకపోతే ఎవరికొస్తుంది," అని నా తల నిమిరింది.

మట్టి తుడిచాను. మైనం గట్టిగానే ఉంది. గడ్డి వేసిన బుట్టలో కిటికీ అడుక్కి వచ్చేలా పెట్టాను. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడ నా చెవి మెలేసి, నాలుగు తిట్టి, సంతకు పోయి కందిపప్పు కొనుక్కునేది. అంతకంటే ఏమీ జరిగేది కాదు. ఆ మాట నా నాలుక మీద ఉండగానే ఆవిడ బుట్ట మీద ఉతికిన తువ్వాలు కప్పేసింది.

పండగనాడు చర్చి నిండిపోయింది. మామ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని ఆడవాళ్ల వైపు ముందు చాప మీద కూర్చుంది. గెలల మధ్య, కొబ్బరికాయల మధ్య ఆ కాయే కనబడుతోంది. ఆరాధన అయ్యింది, ప్రార్థన అయ్యింది, పాట మొదలైంది. పాట పెట్టేది నాన్నగారే. తెల్లచొక్కా, చేతిలో మైకు. ఆయన పాట పెడితే జనం కొనడానికే కాదు, వినడానికి కూడా ఉండిపోయేవారు.

"ఇదిగోనండి, మామ్మ పాక మీద పండిన బంగారం! దించడానికి ఒకరు కావాలి, మొయ్యడానికి ఇద్దరు కావాలి, తినడానికి ఊరు కావాలి! చెప్పండి, చెప్పండి!"

పాట పెరిగింది. మళ్లీ పెరిగింది. మామ్మ తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది, నవ్వు దాచుకోవడానికి.

"లోపల పండిందంటారా మేష్టారూ?" అన్నాడు వెనకనుంచి ఒక పెద్దాయన.

"పండలేదా! వినండి శబ్దం," అని నాన్నగారు మైకు పక్కన పెట్టి, రెండు చేతులా కాయను తలెత్తుకు లేపారు. ఆయన బొటనవేలు సరిగ్గా నా కిటికీలోకి దిగిపోయింది. అడుగు మొత్తం ఊడి పడింది. నల్లగా, జారుగా, తీగలు తీగలుగా ఏదో ఆయన చొక్కా మీద నుంచి బల్ల ముందు నేల మీదకు కారింది. వాసన చర్చంతా నిండింది.

"అమ్మమ్మమ్మ! ఏంటండీ ఆ కంపు!"

"దేవుడి ముందు పెట్టేటప్పుడు చూసుకోవద్దాండి?"

"పెంట మీద పారేసేదాన్ని తెచ్చి పెట్టేరు..."

"ఎవరో వేలు చూపించుంటారులెండి."

నాన్నగారు ఒక్క క్షణం తన చొక్కా చూసుకున్నారు. తర్వాత మైకు తీసుకున్నారు. సభను నిలబెట్టడం ఆయనకు అలవాటు. "ఏం మామ్మా," అన్నారు, "దేవుడికి ఊరగాయ పెట్టి తెచ్చేవా?"

చర్చంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే ముందు నవ్వానేమో కూడా. భయపడ్డవాడి నవ్వు గట్టిగా వస్తుంది.

మామ్మ లేచి వచ్చింది. ఎవరూ గుడ్డ తెచ్చేదాకా ఆగలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ పెట్టెలోంచి తీసిన చీర కొంగుతోనే నేల తుడిచింది. "చూసుకోలేదండి. తప్పైపోయింది. క్షమించండి," అంటూ తుడిచింది. ముక్కలన్నీ బుట్టలో వేసుకుని, పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయింది. చివర నాన్నగారు జాబితా చదివారు. ఆ పేరు దగ్గరకు వచ్చేసరికి దాటేశారు. ఆవిణ్ణి ఇంకా సిగ్గుపెట్టడం ఎందుకని దాటేసి ఉంటారు. కానీ ఆవిడ వినాలనుకున్నది అదొక్కటే.

సాయంత్రం నాన్నగారు బోరింగు దగ్గర చొక్కా ఉతుక్కుంటున్నారు. అమ్మ ఉతుకుతానంటే ఒద్దన్నారు. నేను బోరింగు కొడుతూ, ఆ చప్పుడులో చెప్పేశాను. చాకు, కిటికీ, మైనం, మట్టి. వేలు సంగతి చెప్పలేదు. ఆయన చేతులు ఆగిపోయాయి. కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు.

"ఎవరికైనా చెప్పేవా?"

"లేదండి."

"నేను జోకేసేను కదరా," అన్నారు. నాతో కాదు, చొక్కాతో అన్నట్టు. ఆ తర్వాత చెయ్యి చాపారు. చాకు ఇచ్చేశాను. "సరే. నువ్వేం చెప్పకు. సమయం చూసి నేను చెప్తాలే."

ఆ మాటతో నా గుండె మీద బరువు దిగిపోయింది. ఇప్పటికీ నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది కిటికీ కాదు, ఈ తేలికదనం. నాన్నగారు చెబుతానన్నారు కాబట్టి చెప్పేశారనుకున్నాను. ఎప్పుడు చెప్పారని ఒక్కసారీ అడగలేదు. అడిగితే లేదని తెలుస్తుందేమోనని అడగలేదు. ఆయనకూ సమయం దొరికి ఉండదు. పక్కింటికి వెళ్లడానికి పది అడుగులు. నాన్నగారు పోయి ఆరేళ్లు. ఆ పది అడుగులు ఆయన వేశారో లేదో నాకు తెలియకుండానే పోయారు. చాకు ఏమైందో కూడా తెలియదు. ఆయన సామాను సర్దినప్పుడు దొరకలేదు. దొరకనందుకు సంతోషించాను.

పండగ మర్నాడు మామ్మ పాక మీద తీగ మొత్తం లాగేసి మేకలకు వేసింది. మరుసటి ఏడు కోతపండక్కి కొట్లో కొన్న కొబ్బరికాయ తెచ్చింది. దాన్ని బల్ల ముందు పెట్టేముందు, అందరూ చూసేలా చెవి దగ్గర పెట్టుకుని గిలకొట్టి, "నీళ్లున్నాయండి. చూసే తెచ్చేను," అని గట్టిగా చెప్పింది. జనం నవ్వారు. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. గిలకొట్టడం, "చూసే తెచ్చేనండి" అనడం. పిల్లలు ఆవిణ్ణి అనుకరించేవారు. మామ్మకు అదొక సరదా అని అందరూ అనుకున్నారు. నేనొక్కణ్ణి అనుకోలేదు. అయినా ప్రతి ఏడూ అక్కడే కూర్చున్నాను. కాలేజీకి వచ్చాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. మామ్మ గిలకొడుతూనే ఉంది. ఎనిమిదేళ్ల క్రితం పోయింది. నేనూ పాడె మోశాను.

నాన్నగారి తర్వాత పాట పెట్టే పని నా మీద పడింది. మాటలొచ్చినవాడిననే పేరుంది కదా. మొన్నటి కోతపండగకు ఎవరో గుమ్మడికాయ తెచ్చారు. దాన్ని చూడగానే, ఎందుకో, చెప్పెయ్యాలనిపించింది. ఇన్నేళ్లు మోశాను, మైకు చేతిలో ఉంది, చెప్పేద్దాం అనుకున్నాను. చెప్పాను. కానీ ఎలా చెప్పాను? నాకు తెలిసిన ఒక్క విధంగానే చెప్పాను. మా ఊళ్లో ఒక మామ్మ ఉండేదండీ అని మొదలుపెట్టి, మిలటరీ చాకు దగ్గర నవ్వించాను. పాస్టరుగారి గడ్డం దగ్గర నవ్వించాను. నాన్నగారి తెల్లచొక్కా దగ్గర జనం పడీపడీ నవ్వారు. ఊరగాయ మాట చెప్పేసరికి చప్పట్లు. ఫోనుల్లో తీసుకున్నారు. ఒకాయన వచ్చి, "మేష్టార్ని మించిపోయేరండి!" అని నా చెయ్యి ఊపాడు. పాపం ఒప్పుకున్నానని నేననుకున్నాను. పాట బాగా సాగిందని వాళ్లు అనుకున్నారు. వాళ్లే కరెక్టు.

భోజనాలయ్యాక మైకు తీగ చుట్టుకుంటుంటే మామ్మ మనవరాలు వచ్చింది, లారీ నడిపే కొడుకు కూతురు. గుమ్మడికాయ పగిలిన ఏడు ఈ అమ్మాయి ఇంకా పుట్టలేదు. ఇప్పుడు అమలాపురంలో ఒక ఆస్పత్రిలో నర్సు.

"అన్నయ్యగారూ, ఒక్క మాటండి."

"చెప్పమ్మా."

"ఆ గుమ్మడికాయ మా మామ్మదాండి?"

"ఆయ్," అన్నాను.

"నేనూ నవ్వేనండి సగం దాకా. మేకల పాక అన్నారు కదా, అక్కడ ఆగిపోయేను." ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. రోగులతో మాట్లాడే గొంతు. "మా మామ్మ ఏమనుకుందో మీకు తెలుసాండి?"

"మా నాన్నగారు చెప్పేరనుకున్నానమ్మా..."

"ఎవరూ చెప్పలేదండి. దేవుడు తన చేతిది ఒద్దన్నాడనుకుంది. మా నాన్న వంకాయ మొక్క పెడతానన్నా పెట్టనిచ్చేది కాదు. ఈ నేల మనకి అచ్చిరాలేదురా అనేది. ఆఖర్న ఆస్పత్రిలో నేనే దగ్గరున్నాను. కొన్న కొబ్బరికాయలకైతే దేవుడు ఏం అన్లేదు గానీ, నేను పుట్టించింది ఆయనకి నచ్చలేదే అంది. నాకు అర్థం కాలేదండి. ఏదో మగతలో అంటోందనుకున్నాను. నీళ్లు తాగు మామ్మా అన్నాను."

క్షమించమ్మా అనబోయాను.

"నాకు చెప్పకండి," అంది. "వచ్చే ఆదివారం మళ్లీ చెప్పండి అందరికీ. ఇలా కాదండి. నవ్వు రాకుండా చెప్పండి."

ఆ వారమంతా రాసుకున్నాను. మొదటిసారి రెండు పేజీలు వచ్చింది. చదివితే నాలుగుచోట్ల నాకే నవ్వొచ్చింది. అవి కొట్టేశాను. మిగిలినదాంట్లో నా వయసెంతో, ఎంత అమాయకుణ్ణో, చాకు ఎలా దొరికిందో ఉంది. అవన్నీ సాకులే. అవీ కొట్టేశాను. శనివారానికి కాగితం మీద అయిదు వాక్యాలు మిగిలాయి. నా జీవితంలో నేను రాసిన వాటిల్లో ఇంత చప్పగా ఉన్నది లేదు.

ఆదివారం ప్రకటనల వేళ లేచి నిలబడ్డాను. నన్ను చూడగానే ముందువరసలో ఇద్దరు నవ్వడానికి సిద్ధమైపోయారు. కాగితం చూసి చదివాను. ఫలానా ఏడు కోతపండగకు ఫలానా ఆవిడ తన సొంత నేల మీద పండించిన గుమ్మడికాయ తెచ్చారు. కాయ మంచిది. దానికి చాకుతో గాటు పెట్టి పాడుచేసింది నేను. ఆవిడ తప్పు లేదు, నేల తప్పు లేదు. ఆ రోజు చదవని పేరు ఈ రోజు చదువుతున్నాను.

పేరు చదివాను. ఇంటిపేరుతో సహా, పక్కన గుమ్మడికాయ అని. ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. అది చదవాల్సిన చోట చదివాను.

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టబోయిన ఒకాయన చేతులు గాల్లోనే ఆపేశాడు. పాస్టరుగారు తర్వాతి కీర్తన నంబరు చెప్పారు. నా వెనక కూర్చున్న మా అబ్బాయి, "ఏంటి నాన్నా, బాగోలేదు ఈసారి," అన్నాడు.

బయటికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఆటో ఎక్కుతోంది, అమలాపురం బస్సు అందుకోవాలని. నన్ను చూసి ఆటో ఆపమంది.

"మామ్మకి చెవుడండి ఆఖర్లో. గట్టిగా చదివేరు, మంచిదైంది," అంది.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. డ్యూటీకి ఆలస్యమైపోతోందని ఆటోవాడి భుజం తట్టింది.